గుప్పెడు నమ్మకం

పంజరంలో పుట్టి పెరిగిన చిలుక యజమాని వేలి మీద కూర్చుందంటే అందులో వింతేమీ లేదు. దానికి వేరే దారి లేదు. కానీ ఎటు కావాలంటే అటు ఎగిరిపోగల పక్షి, నిన్నటిదాకా మనిషి నీడ కనిపిస్తేనే తుర్రుమన్న పక్షి... తనంతట తాను వచ్చి అరచేతిలో వాలితే? ఆ ఒక్క క్షణం కోసం రోజుల తరబడి మోకాళ్ల మీద కూర్చున్నవాళ్లున్నారు. ఇల్లంతా పిట్టలకే వదిలేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లేం చేశారు? ఏం పొందారు? ఏం వదులుకున్నారు?

నాలుగడుగుల దూరం

మధ్యాహ్నం భోజనాల వేళకు పిట్టగోడ మీద కాకి హాజరవుతుంది. ఇంట్లో పెద్దావిడ అన్నం ముద్ద తెచ్చి గోడ మీద పెడుతుంది. కాకి కదలదు. ఆమె నాలుగడుగులు వెనక్కి వేశాకే వస్తుంది, ముద్ద అందుకుని ఎగిరిపోతుంది. ఏళ్ల తరబడి అదే ఇల్లు, అదే మనిషి, అదే ముద్ద. అయినా ఆ నాలుగడుగులూ అలాగే ఉండిపోతాయి.

ఆ నాలుగడుగులకూ ఒక లెక్కుంది. ప్రతి పక్షికీ ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటి ఎవరైనా దగ్గరికొస్తే ఎగిరిపోతుంది. పక్షుల్ని అధ్యయనం చేసేవాళ్లు దీన్ని 'పారిపోయే దూరం' అంటారు. మరీ ముందే ఎగిరిపోతే తిండి దక్కదు. ఆలస్యం చేస్తే ప్రాణం దక్కదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ప్రతి పూటా పక్షి తేల్చుకోవాల్సిందే. వేటగాళ్లు తిరిగే చోట ఆ దూరం పెరుగుతుంది. ఎవరూ హాని చేయని ఊళ్లో తగ్గుతుంది. అందుకే పొలాల్లో మనిషిని చూసి అల్లంత దూరాన్నే లేచిపోయే పక్షులు, ఊరి నడిబొడ్డున మాత్రం మన కాళ్ల దగ్గరే తిరుగుతుంటాయి.

పక్షితో స్నేహం చేయడమంటే ఆ దూరాన్ని అంగుళం అంగుళం తగ్గించుకుంటూ పోవడమే. తగ్గించేది మనిషి కాదు, పక్షి. మనిషి చేయగలిగిందల్లా దానికి భయపడే కారణం ఇవ్వకపోవడం. వినడానికి తేలికే. చేసి చూస్తే తెలుస్తుంది.

మంత్రిగారి పిట్ట

దీన్ని చేసి చూపి, ఎలా చేయాలో కూడా వివరంగా రాసిపెట్టినవాళ్లలో ఒకరు ఎడ్వర్డ్ గ్రే. ఆయన పక్షి శాస్త్రవేత్త కాదు, బ్రిటన్ విదేశాంగ మంత్రి. 1905 డిసెంబరు నుంచి 1916 డిసెంబరు దాకా పదకొండేళ్లు ఏకధాటిగా ఆ పదవిలో ఉన్నారు. ఆ దేశంలో మరే విదేశాంగ మంత్రీ విరామం లేకుండా అంతకాలం పనిచేయలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ అడుగుపెట్టింది ఆయన హయాంలోనే. 1914 ఆగస్టు మొదటి వారంలో ఓ సాయంత్రం... కార్యాలయం కిటికీలోంచి వీధి దీపాలు వెలిగించడాన్ని చూస్తూ, ఐరోపా అంతటా దీపాలు ఆరిపోతున్నాయని ఆయన అన్న మాట చరిత్ర పుస్తకాలకెక్కింది.

చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆ రోజుల్లోనే ఆయన కంటి వెలుగూ తగ్గడం మొదలైంది. ఇక ముందు చదవడం కష్టమవుతుందని వైద్యులు చెప్పారు. యుద్ధం రోజుల్లో అదే కళ్లతో కట్టల కొద్దీ కాగితాలు చూశారాయన. పదవి నుంచి దిగేనాటికి చూపు బాగా దెబ్బతింది. తర్వాత బ్రెయిలీ నేర్చుకోవాల్సి వచ్చింది.

పోగొట్టుకున్నది చూపొక్కటే కాదు. 1906లో, మంత్రి అయిన కొద్ది వారాలకే భార్య డొరొతీ గుర్రబ్బండి ప్రమాదంలో చనిపోయారు. వాళ్లకు పిల్లల్లేరు. 1911లో తమ్ముడు జార్జ్ ఆఫ్రికాలో సింహం దాడికి బలయ్యాడు. 1917లో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఫాలోడన్ ఊళ్లో ఉన్న సొంతిల్లు కాలిపోయింది. ఆ ఇంటిని మళ్లీ కట్టించుకుని, చూపు మసకబారిన ఆ పెద్దమనిషి అక్కడి చెరువులు, చెట్లు, పిట్టల మధ్యకే తిరిగి వెళ్లారు.

పక్షులంటే ఆయనకు మొదట్నుంచీ ప్రాణం. 1910 జూన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఇంగ్లండ్ వచ్చినప్పుడు గ్రే ఆయన్ను విందులకు కాక పల్లెబాట పట్టించారు. ఇద్దరూ గంటల తరబడి పిట్టల కూతలు వింటూ నడిచారు. మరి కళ్లు మొరాయిస్తే? దూరాన కొమ్మ మీది పిట్ట మసక మచ్చ అయిపోయింది. గ్రేకు మిగిలినవి రెండే దార్లు. ఒకటి, చెవులతో చూడటం. 1927లో ఆయన వెలువరించిన 'ద చార్మ్ ఆఫ్ బర్డ్స్' పుస్తకంలో ఎక్కువ భాగం నెలల వారీగా పక్షుల పాటల గురించే. రెండోది, పిట్టనే దగ్గరికి రప్పించుకోవడం.

పెట్టె, చెయ్యి, వేళ్లు

ఆయన దగ్గరికి వచ్చిన పిట్ట పేరు రాబిన్. మన తోటల్లో తోక నిక్కించి తిరిగే నల్లంచికి దూరపు చుట్టం. ఛాతీ నారింజ కలిసిన ఎరుపు. బరువు పద్దెనిమిది గ్రాముల అటూ ఇటూ. అంటే నాలుగైదు రూపాయి బిళ్లలంత! ఇంగ్లండ్‌లో తోట పని చేసేవాళ్ల పక్కనే తిరుగుతూ, పార తగిలిన మట్టిలోంచి బయటపడే పురుగుల్ని ఏరుకుంటుంది. అడవిలో పందులు మట్టి పెళ్లగిస్తుంటే వెనకే తిరిగి పురుగులు తినడం దాని పాత అలవాటంటారు. అంత చొరవగల పిట్ట కూడా మనిషి చేతికి మాత్రం ఆమడ దూరం.

గ్రే పద్ధతి ఇది. మొదట రొట్టె ముక్కలు, తర్వాత పిండిలో పెరిగే పురుగులు రాబిన్ చూసేలా నేల మీద వేయాలి. రాబిన్లకు ఆ పురుగులంటే ఎంత ఇష్టమంటే, వాటి కోసం ఎలాంటి తెగింపుకైనా సిద్ధపడతాయి. పిట్ట వచ్చి ఏరుకోవడం అలవాటయ్యాక, అవే పురుగుల్ని ఒక చిన్న రేకు పెట్టెలో వేసి మూత తీసి నేల మీద ఉంచాలి. పెట్టెలోంచి తినడం అలవాటు కావాలి. ఆ తర్వాత మనిషి మోకాళ్ల మీద కూర్చుని, అరచేతిని నేల మీద వెల్లకిలా పరిచి, దాని మీద పెట్టె పెట్టాలి. పెట్టె అంచు దాటి వేళ్లు బయటికి కనిపించాలి.

అసలు పరీక్ష ఇక్కడే. పిట్ట వస్తుంది, ఆగుతుంది, పెట్టెను చూస్తుంది, వేళ్లను చూస్తుంది, ఎగిరిపోతుంది. మళ్లీ వస్తుంది. నేల మీది పురుగును తిన్నప్పుడు దాని చుట్టూ ఖాళీ ఉంది. ఇప్పుడు ముడుచుకుంటే చాలు పట్టేయగల అయిదు వేళ్లున్నాయి. చేయి వణకకూడదు. తల తిప్పకూడదు. మోకాలు నొప్పెట్టినా కదలకూడదు. చివరికి ఏదో ఒక క్షణంలో ఆకలి గెలుస్తుంది, పిట్ట వేళ్ల మీద కాలు మోపుతుంది. ఈ ఒక్క గండం గడిస్తే మిగతాదంతా తేలికే. చేతిని కొద్ది కొద్దిగా పైకి లేపాలి. ఆ తర్వాత మనిషి లేచి నిలబడి చేయి చాచినా పిట్ట వచ్చి వాలుతుంది. తిండి దొరకని చలి రోజుల్లో అయితే రెండు మూడు రోజుల్లోనే ఇదంతా జరిగిపోవచ్చని గ్రే రాశారు.

ఈ పద్ధతిలో కిటుకేమిటి? ప్రతి మెట్టులోనూ మారేది ఒక్కటే. మిగతావన్నీ నిన్నటిలాగే ఉంటాయి. చోటు అదే, మనిషి అతనే, పురుగు అదే. కొత్తది ఒక్కటే కనక భయమూ ఒక్కటే. దాన్ని దాటాక ఇంకొకటి. ఎక్కడా పిట్టను పట్టుకునే ప్రయత్నం ఉండదు. పిట్ట తప్పుకోవాలనుకుంటే ఆకాశమంతా తెరిచే ఉంటుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వేళ్లు ముడుచుకున్నాయా... అంతే సంగతులు!

ఫాలోడన్‌లో గ్రే మచ్చిక చేసుకున్న రాబిన్లలో ఒకదాని రెక్కలో తెల్లని ఈక ఉండేది. దాంతో అది అదే పిట్టని తేలిగ్గా గుర్తుపట్టేవారు. ఆయన టోపీ మీద రాబిన్ వాలి ఉన్న ఫొటో ఒకటి ఇప్పటికీ ప్రసిద్ధం. రాత్రి భోజనం చేశాక చెరువు గట్టుకు వెళ్లి బాతులకు గింజలు వేయడం ఆయన నిత్యకృత్యం. కాగితాల మీది అక్షరాలు కనిపించని మనిషికి, అరచేతి దూరంలో ఉన్న పిట్ట మాత్రం దగ్గరగా, ప్రాణంతో, బరువుతో సహా తెలిసేది.

ఏడాది చిల్లర చుట్టరికం

గ్రే చేయి చాచిన చోటికే ప్రతిరోజూ ఆ రాబినే ఎందుకొచ్చేది? ఈ ప్రశ్నకు జవాబు తర్వాతి తరంలో దొరికింది. డేవిడ్ లాక్ అనే బడి పంతులు 1930ల్లో దక్షిణ ఇంగ్లండ్‌లోని డార్టింగ్టన్‌లో రాబిన్ల కాళ్లకు రంగు రంగుల గాజుల్లాంటివి తొడిగి, ఏది ఏదో గుర్తుపడుతూ ఏళ్ల తరబడి గమనించారు. 1943లో 'ద లైఫ్ ఆఫ్ ద రాబిన్' పుస్తకం రాశారు. ఆయన తేల్చిన సంగతులు విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

చూడ్డానికి బుజ్జిగా ఉండే రాబిన్ పచ్చి పోట్లాటకోరు. ప్రతి పిట్టకూ సొంత జాగా ఉంటుంది. చలికాలంలో ఆడ పిట్ట కూడా తన జాగా తనదేనంటూ పాడుతుంది. ఆ ఎర్ర ఛాతీ అందానికి కాదు, పొరుగువాడికి హెచ్చరిక. లాక్ తన పరీక్షల్లో గుప్పెడు ఎర్ర ఈకల కుచ్చును పెడితే, దాని మీద కూడా రాబిన్ విరుచుకుపడింది! అంటే గ్రే ఇంటి ముందున్న చోటు ఆయన అనుకున్నట్టు ఆయనది కాదు. ఆ పిట్టది. తన జాగాలోకి రోజూ వచ్చిపోయే పెద్ద జంతువు వల్ల హాని లేదని, లాభమే ఉందని ఆ పిట్ట తేల్చుకుంది. అంతే!

లాక్ చెప్పిన ఇంకో సంగతి మనసుకు కష్టంగా ఉంటుంది. పెద్దదైన రాబిన్ సగటున బతికేది మరో ఏడాది చిల్లర మాత్రమే. చలి, ఆకలి, పిల్లి, డేగ, తోటి రాబిన్... ఏదో ఒకటి కాచుకునే ఉంటుంది. ఈ చలికాలం చేతి మీద వాలిన పిట్ట వచ్చే చలికాలానికి ఉంటుందన్న నమ్మకం లేదు. ఒక రోజు రాదు, మర్నాడూ రాదు. కొన్నాళ్లకు అదే కొమ్మ మీద ఇంకో రాబిన్ పాడుతుంటుంది. దానికి ఈ చేయి తెలియదు, ఈ పెట్టె తెలియదు. మళ్లీ మొదట్నుంచీ... నేల మీద పురుగు, రేకు పెట్టె, మోకాళ్లు. ఒక పిట్ట సంపాదించిన నమ్మకం ఇంకో పిట్టకు వారసత్వంగా రాదు.

ఎడ్వర్డ్ గ్రే 1933 సెప్టెంబరు 7న కన్నుమూశారు. 1938లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరు మీద పక్షుల అధ్యయన సంస్థ ఏర్పడింది. 1945లో దానికి అధిపతిగా వచ్చిందెవరో తెలుసా? రాబిన్ల గుట్టు విప్పిన ఆ పంతులు... డేవిడ్ లాకే!

పిట్టల కుటీరం

గ్రే పిట్టను చేతి దాకా రప్పించారు. గ్వెండొలెన్ హోవర్డ్ ఇంకా ముందుకెళ్లి ఇంట్లోకే రానిచ్చారు. లెన్ హోవర్డ్ పేరుతో పుస్తకాలు రాసిన ఆమె 1894లో పుట్టారు. తండ్రి కవి. ఆమె లండన్‌లో వయొలా వాయించే కళాకారిణి. నలభై ఏళ్లు దాటాక, 1938లో నగరాన్నీ కచేరీల్నీ వదిలేసి ససెక్స్ ప్రాంతంలో డిచ్‌లింగ్ ఊరి బయట చిన్న ఇంట్లో స్థిరపడ్డారు. ఆ ఇంటి పేరు 'బర్డ్ కాటేజ్'. పేరుకు తగ్గట్టే కిటికీలు పిట్టల కోసం తెరిచి ఉండేవి.

ఎక్కువగా వచ్చింది గ్రేట్ టిట్ అనే పిచ్చుకంత పిట్ట. నల్లటి తల, తెల్లటి బుగ్గలు. దాని దగ్గరి చుట్టాన్ని మన తూర్పు కనుమల్లోనూ చూడొచ్చు. ఆ పిట్టలు లోపలికొచ్చి అలమరల మీద తిరిగేవి, కాగితాలు చింపేవి, రాత్రిళ్లు గదుల్లోనే నిద్రపోయేవి. ఆమె ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఎవరి పిల్ల ఎవరు, ఎవరి జోడీ ఎవరు, ఎవరికి ఎవరితో పడదు... అన్నీ ఆమెకు కంఠతా. సంగీతం తెలిసిన చెవులు కనక ఏ పిట్ట పాట ఎలా ఉంటుందో స్వరాలతో సహా రాసుకునేవారు.

1952లో ఆమె మొదటి పుస్తకం 'బర్డ్స్ యాజ్ ఇండివిడ్యువల్స్' వచ్చింది. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ దానికి ముందుమాట రాశారు. పక్షుల ప్రవర్తన అంతా పుట్టుకతో వచ్చిన యాంత్రికమైన స్పందనలేనని చాలామంది నమ్ముతున్న రోజులవి. ఏ డిగ్రీ లేని ఈ సంగీతకారిణి మాత్రం, ఒకే జాతిలో ఏ రెండు పిట్టలూ ఒకేలా ఉండవని పేజీల కొద్దీ రాసుకొచ్చారు. ఒకటి పిరికిది, ఒకటి మొండిది, ఒకటి తెలివైనది. పక్షుల్లో ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంటుందన్న మాటను ఇప్పటి శాస్త్రం కాదనదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో దీని మీద బోలెడు పరిశోధన జరిగింది. అందులో ఎక్కువ భాగం ఆ గ్రేట్ టిట్ల మీదే కావడం విశేషం.

ఆమెకు బాగా చేరువైన పిట్ట పేరు స్టార్. ఆమె వేలితో తట్టి అంకె చూపిస్తే, స్టార్ కూడా ముక్కుతో అన్నిసార్లు తట్టేదని హోవర్డ్ రాశారు. నిజంగా లెక్కపెట్టిందా, లేక ఆమె ముఖంలోనో చేతిలోనో కదలికను పసిగట్టి ఆగిందా? అనుమానం సహజమే. జర్మనీలో లెక్కలు చేసే గుర్రంగా పేరొందిన హాన్స్ చేసింది ఆ పనేనని 1907లోనే తేలింది. అయితే ఒకటి. మనిషి కనురెప్ప కదలికను పట్టుకోవాలంటే పిట్ట అంత దగ్గర్లో, అంత నింపాదిగా కూర్చోవాలి కదా! అది లెక్క కన్నా తక్కువ అద్భుతమేమీ కాదు.

దీనికి ఆమె చెల్లించిన మూల్యం? మనుషులు. కొత్త ముఖం ఇంట్లో అడుగుపెడితే పిట్టలు బెదిరిపోయేవి. కొన్ని నిమిషాల పలకరింపు వల్ల ఏన్నాళ్లో సంపాదించుకున్న ధైర్యం చెదిరిపోయేది. అందుకే ఆమె చుట్టపుచూపుగా వచ్చేవాళ్లను వద్దనడం మొదలుపెట్టారు. 1973లో చనిపోయేదాకా పిట్టలే ఆమె లోకం. ఆమెది ధన్యమైన జీవితమా, ఒంటరి జీవితమా? ఎవరి మనసుకు తోచినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు. ఒక్కటి మాత్రం నిజం... నమ్మకం సంపాదించడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.

మరచిపోని ముఖం

పక్షికి మనిషి ముఖం నిజంగా గుర్తుంటుందా? అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో దీన్ని పరీక్షించింది. ఆదిమానవుడి ముఖంలాంటి ముసుగు పెట్టుకుని ఏడు కాకుల్ని పట్టుకున్నారు. ఏ హానీ చేయకుండా కాళ్లకు గుర్తులు వేసి వదిలేశారు. ఆ తర్వాత ఆ ముసుగుతో ఎవరు ఆవరణలో నడిచినా కాకులు చుట్టుముట్టి గోల గోల చేసేవి. అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ముఖం ముసుగు పెట్టుకుని వెళ్తే మాత్రం పట్టించుకోలేదు! ఏళ్లు గడిచినా ఆదిమానవుడి మీద కోపం తగ్గలేదు సరికదా, అరిచే కాకుల సంఖ్య పెరిగింది. ఎప్పుడూ పట్టుబడని కాకులు, తర్వాత పుట్టిన పిల్లలు కూడా తోటి కాకుల్ని చూసి నేర్చుకున్నాయి.

మంచి నేర్పడానికి నెలలు పడుతుంది. చెడు ఒక్క పూటలో ఊరంతా పాకుతుంది. మన ఇళ్లలో చెప్పుకునే కాకి పగ మరీ కట్టుకథేం కాదన్నమాట!

నమ్మకమే ముప్పయితే...

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2022లో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో ఒక రైతుకు పొలంలో కాలు విరిగిన సారస పక్షి దొరికింది. ఎగిరే పక్షుల్లో అంత పొడవైనది లోకంలో లేదు. అతను కట్టు కట్టాడు, తిండి పెట్టాడు. కాలు నయమయ్యాక ఎగిరిపోతుందనుకుంటే పోలేదు. అతని పక్కనే తినేది. అతను మోటారు సైకిల్ మీద వెళ్తుంటే వెనకే ఎగురుతూ వచ్చేది. ఆ వీడియోలు దేశమంతా చూసింది.

2023 మార్చిలో అటవీ అధికారులు ఆ పక్షిని తీసుకెళ్లి సమస్‌పూర్ పక్షుల రక్షిత కేంద్రంలో వదిలారు. అది అక్కడ ఉండలేదు. దగ్గర్లోని ఊళ్లో మనుషుల మధ్య కనిపించింది. చివరికి కాన్పూర్ జంతు ప్రదర్శనశాలకు చేరింది. రైతు మీద వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు నమోదైంది. ప్రాణం పోసినవాడి మీద కేసా అని జనం మండిపడ్డారు. అడవి పక్షి అడవిలోనే ఉండాలి కదా అని ఇంకొందరు వాదించారు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ రైతు దాన్ని కట్టేయలేదు, పంజరంలో పెట్టలేదు. రావడం, పోవడం పక్షి ఇష్టానికే వదిలాడు. అయితే ఒక మనిషిని నమ్మిన పక్షి ఇంకో మనిషిని నమ్మడానికి ఎంతసేపు? ఆ రెండో మనిషి చేతిలో గింజలే ఉంటాయన్న హామీ ఎవరిస్తారు? సారస పక్షి తన జాతితో జోడీ కట్టాలి, చిత్తడి నేలలో గూడు పెట్టాలి. మనిషి స్నేహం దానికి అదనంగా ఉంటే అందం. దాని బతుకంతా అదే అయిపోతే ప్రమాదం. గ్రే రాబిన్ ఆయన చేతిలో పురుగు తిని మళ్లీ కొమ్మల్లోకే పోయేది. తన జాగా కోసం కొట్లాడేది, వసంతం రాగానే గూడు కట్టుకునేది. మంచి స్నేహానికి అదే కొలబద్ద. చేయి లేకపోయినా పిట్ట పిట్టలాగే బతకగలగాలి.

ఊరు ఊరంతా చాచిన చేయి

ఒక మనిషీ ఒక పిట్టా కాకుండా, ఒక ఊరూ వేల పక్షులూ కలిసి బతికితే ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువులో ఏటా గూడబాతులు గూళ్లు కడతాయి. 1976లో దాన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించారు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువని రైతులకు తెలుసు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో అయితే ఊరి చెరువు మధ్యలోని ముళ్ల చెట్లే పక్షుల కాలనీ. జనం మాట్లాడుకుంటున్నా, బళ్లు తిరుగుతున్నా అవి బెదరవు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో ఊరివాళ్లు గూడబాతుల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. తమిళనాడులో కొల్లుకుడిపట్టి వాసులు పక్షులు బెదరకూడదని దీపావళికి టపాకాయలే కాల్చరు.

ఇక్కడ ఎవరూ పక్షిని చేతిలోకి తీసుకోరు. పేర్లు పెట్టరు. చేసేదల్లా వాటి దూరాన్ని గౌరవించడం. అందుకే ఒక తరం పక్షి పోయినా ఆ నమ్మకం పోదు. పిల్లలు ఆ చెట్ల మీదే పుడతాయి, ఆ మనుషుల మధ్యే కళ్లు తెరుస్తాయి. రాబిన్‌కు దొరకని వారసత్వం ఈ గూడబాతులకు దొరికింది. రాళ్లు విసిరే పిల్లవాడిని చెవి పట్టుకుని ఆపే పెద్దలు ఊళ్లో ఉన్నంతకాలం అది కొనసాగుతుంది.

మనమూ మొదలుపెట్టొచ్చు

డాబా మీదో, బాల్కనీలోనో పిట్టతో పరిచయం పెంచుకోవాలనుకునే పిల్లలకు గ్రే పద్ధతే పెద్దబాలశిక్ష. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, వీలైతే ఒకే మనిషి వెళ్లాలి. లోతు తక్కువున్న మట్టి మూకుడులో నీళ్లు, పక్కన గుప్పెడు నూకలో, సజ్జలో, కొర్రలో చాలు. నీళ్లు రోజూ మార్చాలి, మూకుడు కడగాలి. లేదంటే అక్కడి నుంచే పక్షులకు జబ్బులు అంటుకుంటాయి. ఉప్పు, నూనె తగిలిన చిప్స్, మిక్చర్ వంటివి వద్దు. పిల్లి ఎగరలేని ఎత్తు చూసుకోవాలి.

గింజలు వేశాక నిలబడి తేరిపార చూడకూడదు. కళ్లార్పకుండా చూసేవాడంటే పక్షి లెక్కలో వేటగాడే. కాస్త దూరంగా, పక్కకు తిరిగి, కిందికి కూర్చోవాలి. రోజూ అదే చోట కూర్చున్నాక, పిట్ట తింటూ తలెత్తి చూడటం తగ్గిస్తే... అప్పుడు ఒక్క అడుగు ముందుకు. అది ఎగిరిపోతే మన అడుగు తొందరపడిందని అర్థం. కోపగించుకోకుండా మర్నాడు వెనక్కి జరగాలి.

గూట్లోంచి జారిపడిన పిల్ల కనిపిస్తే ఇంట్లోకి తెచ్చేయకూడదు. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదన్నది వట్టి అపోహ. గూడు కనిపిస్తే అందులో, లేదంటే దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి పక్కకు తప్పుకుంటే చాలు. తల్లి అక్కడే ఎక్కడో ఉంటుంది. ఈకలు వచ్చిన పిల్ల అయితే బహుశా ఎగరడం నేర్చుకుంటున్నదే. ఇక రామచిలుకను కొని పంజరంలో పెట్టుకోవడం ప్రేమ కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇన్ని చేసినా పిట్ట చేతి మీద వాలకపోవచ్చు. పర్వాలేదు. పది అడుగుల దూరం ఆరడుగులైనా అది పెద్ద బహుమతే. ఆ నాలుగడుగులూ డబ్బుతో కొన్నవి కాదు, బలంతో గుంజుకున్నవి కాదు. మన ఉనికి వల్ల తనకు చెడు జరగదని ఒక చిన్న ప్రాణి, బాగా ఆలోచించుకుని, ఇష్టపడి వదిలినవి. మళ్లీ రేపు అదే వేళకు వెళ్లి కూర్చోవడమే దానికి మనం ఇచ్చే జవాబు.